తొక్కని బ్రేకు

"నువ్వే సెప్పీసినావేటి?"

"ఊఁ. నానే సెప్పీసినాను."

మా ఆయనకీ నాకూ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. ఆ తర్వాత ఏడు నెలలు ఒకే ఇంట్లో ఉన్నాం. భిలాయి ఊళ్లో, కోహ్కాలో రెండు గదుల ఇల్లు మాది. ఒకే పొయ్యి మీద వండిన అన్నం తిన్నాం, ఒకే కుండలో నీళ్లు తాగాం. మాట మాత్రం లేదు. ఏడో నెల ఆఖర్న ఆయన పోయాడు.

ఇది రాస్తున్న పిల్ల మా ఆడపడుచు కూతురు. భిలాయిలోనే పుట్టింది. హిందీ వచ్చినంత బాగా తెలుగు రాదు కానీ, ఆదివారం బడిలో తెలుగు బైబిలు చదివి అక్షరాలు నేర్చుకుంది. నాకు నా పేరు రాయడం వచ్చు, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కోవడం వచ్చు. అంతకు మించి రాదు. అందుకని నేను చెబుతున్నాను, ఇది రాస్తోంది.

ఎందుకు రాయిస్తున్నానో ముందే చెప్పేస్తాను. మా చర్చి సంఘంలో ఒక ఇంజినీరు అబ్బాయి ఉండేవాడు. గేరా బ్రేకా అని వాదించి, మా ఆయన చేతిలోంచి కారు తాళం లాక్కుని, పెద్దాయన మనసు విరిచేసింది ఆ అబ్బాయేనని సంఘమంతా ఇప్పటికీ అంటుంది. అది నిజం కాదు. మా ఆయన కుడిపాదానికి స్పర్శ పోయింది. అప్పట్లో ఆ సంగతి నాకు ఒక్కదానికే తెలుసు. దాన్ని బయటపెట్టింది నేను.

మా ఆయన రాజ్‌హరా గనుల్లో డంపరు నడిపేవాడు. నాకు మేనమామ వరస, అందుకే పెళ్లయ్యాక కూడా మావా అనే పిలిచేదాన్ని. శ్రీకాకుళం వైపు నుంచి పెళ్లికూతురిగా వచ్చి ఆ బండిని మొదటిసారి చూసినప్పుడు, చక్రమే నా తల కంటే ఎత్తుగా ఉంది. కొండ మీద ఇనపరాయి నింపుకుని కిందికి దిగడం ఆయన పని. ఆ డంపర్లకు అప్పటికే క్లచ్చి లేదు, గేరు కడ్డీ మాత్రం ఉండేది. దిగేటప్పుడు కడ్డీని కింది గేరులో పెడితే, ఇంజనే అరుచుకుంటూ బండిని పట్టి ఉంచుతుందట. బ్రేకు మీద కాలు పెట్టి దిగితే బ్రేకులు కాలిపోయి, సగం కొండ దిగేసరికి మెత్తబడిపోతాయట. ఎవరైనా కొత్త డ్రైవరు బ్రేకు తొక్కుకుంటూ దిగితే, "ఏటిరా, కాల్తో కొండని ఆపేద్దావనేటి?" అని అందరూ కలిసి ఏడిపించేవారు. ఈ సంగతులన్నీ అన్నం తింటూ చెప్పేవాడు. నాకు బండి నడపడం రాదు కానీ, ఆయన చెప్పగా చెప్పగా కొండ ఎలా దిగాలో నాకూ తెలిసిపోయింది.

మధ్యప్రదేశ్ అని ఉన్న బోర్డులు తీసేసి ఛత్తీస్‌గఢ్ అని రాస్తున్న రోజుల్లో ఆయన రిటైరయ్యాడు. భిలాయి వచ్చేశాం. పని లేదు. పొద్దున్నే లేచి, ఎక్కడికీ వెళ్లక్కర్లేని మనిషిలా గుమ్మంలో కూర్చునేవాడు.

అప్పుడే సంఘానికి కారు వచ్చింది. మా సంఘంలో ఒక పెద్ద ఆఫీసరు మోకాళ్ల నొప్పులని క్లచ్చి లేని కారు కొనుక్కున్నాడు. అప్పట్లో భిలాయిలో అలాంటి కార్లు వేళ్ల మీద లెక్కపెట్టాల్సిందే. ఆయన పోయాక ఆయన భార్య దాన్ని సంఘానికి ఇచ్చేసింది. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, మొదటిరోజు తనే నడపబోయాడు. అలవాటు కొద్దీ ఎడమకాలు క్లచ్చి కోసం వెతికి, బ్రేకును గట్టిగా తొక్కేసింది. పక్క సీట్లో ఉన్న ఆయన భార్య, మా అమ్మగారి నుదురు వెళ్లి ముందు అద్దానికి తగిలింది. వాళ్ల పెద్దమ్మాయి వెనక సీట్లోంచి ముందుకొచ్చి పడింది. ఆ తర్వాత ఆ కారు ముట్టుకోవడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

మా ఆయన వెళ్లి కూర్చున్నాడు. గేరు కడ్డీ చూశాడు. నవ్వాడు.

"ఇదేటి అయ్యగారూ, ఇది మా డంపరుకి పుట్టిన గుంట! నాకు తెలీదేటి దీని సంగతి?"

అప్పటినుంచి తాళం ఆయన జేబులోనే. అయ్యగారిని ప్రార్థనలకీ, ఆసుపత్రిలో ఉన్నవాళ్ల దగ్గరికీ తీసుకెళ్లేవాడు. ఆదివారాలు నడవలేని ముసలమ్మల్ని ఇళ్ల నుంచి తెచ్చేవాడు. శనివారం సాయంత్రం తెల్లచొక్కా నేను ఇస్త్రీ చేసినా మళ్లీ తను ఒకసారి చేసుకునేవాడు. గుమ్మంలో కూర్చున్న మనిషి మళ్లీ నిలబడ్డాడు. అది ఎంతో నాకు తెలుసు కాబట్టే తర్వాత అన్నాళ్లు నోరు మూసుకున్నాను.

ఆయనకి షుగరు చాలా ఏళ్లుగా ఉంది. మాత్రలు మింగేవాడు, మరిచిపోయేవాడు. మరుసటి మే నెలలో ఒక మధ్యాహ్నం బజారు నుంచి నడిచి వచ్చాడు. నేను మంచినీళ్లు ఇస్తూ కిందికి చూశాను. ఎడమకాలికి జోడు ఉంది. కుడికాలికి లేదు.

"మావా, ఆ కాలి జోడేదీ?"

ఆయనా చూసుకున్నాడు. "గుమ్మం కాడ ఇప్పినానేమో."

గుమ్మం దగ్గర లేదు. వెతుక్కుంటూ వెళ్తే వెల్డింగు షాపు ముందర, రోడ్డు మధ్యలో పడి ఉంది. తారు కరిగి దానికి అంటుకుంది. కాళ్లకు జోళ్లున్న నాకే వేడి తగులుతోంది. అంత దూరం నుంచి ఆయన ఒంటి జోడుతో నడిచి వచ్చాడు. ఇంటికొచ్చి కాలు పైకెత్తి చూస్తే అడుగంతా బొబ్బలు.

"తెలీనేదేటి మావా?"

"తెలిస్తే ఒగ్గీసి వత్తానేటే?"

కళ్లు మూసుకోమన్నాను. గరిటె కాడతో పాదం నొక్కాను. "ఇప్పుడెక్కడ నొక్కినాను?"

"బొటనేలు."

నేను మడమ నొక్కాను. ఇంకోసారి చేశాను. ఇంకోసారీ తప్పు చెప్పాడు. మూడోసారి కళ్లు తెరిచి, గరిటె నా చేతిలోంచి తీసుకుని పక్కన పెట్టేశాడు.

"ఎన్నాళ్లయింది?"

"రాజ్‌హరాలో ఉన్నప్పుడే మొదలైనాది. మోకాలి కిందనుంచి పిక్క దాకా బాగానే తెలుస్తాది. పాదమే తెలీదు."

"మరి బండెలా నడుపుతన్నావు?"

"సేత్తోటి," అన్నాడు.

అప్పుడు చెప్పాడు. యాక్సిలేటరు తొక్కితే ఇంజను అరుస్తుంది, ఆ చప్పుడుని బట్టి కాలు ఎక్కడుందో తెలుస్తుంది. బ్రేకు అలా కాదు, అది నోరు విప్పదు. కాలు బ్రేకు మీద పడిందో, అంచు మీద పడిందో, పక్కనున్న యాక్సిలేటరు మీదే ఉండిపోయిందో బండి ఆగితేనో ఆగకపోతేనో తప్ప తెలీదు. అందుకని బ్రేకు జోలికే వెళ్లడం మానేశాడు. దూరం నుంచే చూసుకుని, కడ్డీని మామూలుగా నడిపే డి నుంచి రెండుకి లాగేవాడు, అక్కణ్నుంచి ఎల్‌కి. ఎల్ అంటే అన్నిటికన్నా కింది గేరు. ఇంజను మూలిగేది, బండి నడక లాగ అయిపోయేది. చివరికి చేతి బ్రేకు లాగి ఆపేవాడు. అన్నీ ఎడమచేత్తోనే.

ఆ రోజు నుంచి సాయంత్రాలు ఆయన కాలు కడగడం నా పని. వేళ్ల సందుల్లో వేలు పెట్టి చూసి, చీలిన చోట మందు రాసి, గుడ్డ కట్టేదాన్ని. పనయ్యాక ఎప్పుడూ ఒకే మాట అనేవాడు: "ఎవులికీ సెప్పకు."

సంఘంలో అందరూ ఆయన నడిపే తీరు చూసి గని డ్రైవరు దర్జా అనుకునేవారు. అయ్యగారి చిన్నమ్మాయి ముందు సీట్లో అమ్మ ఒళ్లో కూర్చుని, "తాతా, కారుని ఏడిపించు" అని అడిగేది. ఈయన ఎల్‌లోకి లాగేవాడు, కారు మూలిగేది, పిల్ల చప్పట్లు కొట్టేది.

ఒప్పుకోనివాడు ఇంజినీరు అబ్బాయి ఒక్కడే. స్టీలు ప్లాంటులో ఉద్యోగం, వైశాలి నగర్‌లో ఇల్లు. కారు బాగోగులు చూసే పని సంఘం అతనికి అప్పగించింది. ఆరాధన అయ్యాక టీ తాగుతూ వీళ్లిద్దరూ మొదలెట్టేవారు. చుట్టూ పదిమంది మూగేవారు.

"అంకుల్, డి లోనే ఉంచండి. స్లో చెయ్యడానికి బ్రేక్ ఉంది కదా, దాని డ్యూటీ అదే."

"బ్రేకు ఆపడానికి బాబూ. తగ్గించడానికి గేరు. మీ పుస్తకాల్ల రాయనేదేటి?"

"కొండ మీద మీరు చెప్పింది సహీ. ఇక్కడ కొండ ఎక్కడుంది? భిలాయి మొత్తం చపాతీలా ఉంది!"

"సపాతీ మీదైనా సెయ్యి అలవాటు మర్సిపోకూడదు."

"బ్రేకులు అరిగితే ఏ షాపులోనైనా దొరుకుతాయి. గేర్‌బాక్స్ పోతే బొంబాయి నుంచి రావాలి. ఏది అరగాలో మీరే చెప్పండి."

"అరిగితే కదా! నీ వయసంత సర్వీసు నాది. ఒక్క గేరుబాక్సు పోనేదు."

అందరూ నవ్వేవారు. ఆడవాళ్ల వైపు నుంచి, "ఇనపకొండ దిగినోడికి ఈ గుంటడు బ్రేకు నేర్పుతాడంట" అని ఎవరో ఒకరు అనేవారు. అతను కూడా నవ్వేసేవాడు. నేను నవ్వలేకపోయేదాన్ని. ఇద్దరి మాటా నిజమే. కానీ మా ఆయన నోట్లోంచి వచ్చే ఆ నిజం వెనక ఏముందో నాకు తెలుసు.

ఒకసారి ఆ అబ్బాయి ఇంకో మాటన్నాడు. "బ్రేక్ తొక్కితేనే వెనక ఎర్రలైటు వెలుగుతుంది అంకుల్. మీరు గేర్‌తో స్లో చేస్తే వెలగదు. వెనకవాడికి ఎలా తెలుస్తుంది?"

"ఆడికి కళ్లు నేవేటి?" అన్నాడు ఈయన. మళ్లీ నవ్వులు.

నెల తిరక్కుండా సుపేలా మలుపులో స్కూటరువాడు వెనక నుంచి వచ్చి గుద్దాడు. మోకాలు దోక్కుపోయింది. లేచి నిలబడి, "అరే చాచా, ఆగేముందు బత్తీ అయినా వెలిగించవేం?" అని హిందీలో కేకలేశాడు. కారు వెనక దీపం పగిలింది. దాన్ని బాగు చేయించడానికి హథ్‌ఖోజ్‌లో ఒక షెడ్డుకు తీసుకెళ్తే నేనూ వెళ్లాను. మెకానిక్కు ఎందుకైనా మంచిదని చక్రం విప్పి చూసి, మా ఆయన మొహం చూశాడు. "చాచాజీ, మీరు బ్రేకు తొక్కనే తొక్కరా? బిల్కుల్ కొత్తగా ఉన్నాయి," అన్నాడు.

ఆ మాట ఈయన ఆదివారం సంఘమంతా చెప్పుకున్నాడు. "సూసినారా? ఇన్నాళ్లు నడిపినా బ్రేకులు అరగనేదు!" అందరూ భేష్ అన్నారు. ఇంజినీరు అబ్బాయి నవ్వలేదు, ఏదో ఆలోచిస్తూ ఉండిపోయాడు. కొత్తగా ఉన్న ఆ బ్రేకులు ఏం చెబుతున్నాయో నాకు ఒక్కదానికే వినిపించింది.

వానలు వెనకబట్టాక జగదల్‌పూర్‌లో మూడు రోజుల కూడికలు పెట్టారు. వాక్యం చెప్పడానికి మా అయ్యగారిని పిలిచారు. కారులో అయ్యగారు, అమ్మగారు, ఇద్దరమ్మాయిలు. నడిపేది మా ఆయన. దారిలో కేశ్‌కాల్ ఘాటు ఉంది. పోయేటప్పుడు ఎక్కాలి, వచ్చేటప్పుడు దిగాలి. మలుపు మీద మలుపు, ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, ఎదురుగా బరువు లారీలు.

ఆయన సంతోషం చెప్పలేను. "ఆ ఇంజినీరు బాబుని కూడా రమ్మను. కొండంటే ఏటో, గేరంటే ఏటో సూపిస్తాను," అన్నాడు. ఆ సాయంత్రం కాలికి గుడ్డ కడుతూ అడిగాను.

"మావా, మలుపు తిరిగేసరికి అవతల లారీ ఆగిపోయి ఉంటే?"

"బండి ఎల్‌లో ఉంటాది కదే. నత్తలాగ వత్తాది."

"నత్తలాగ వచ్చినా ఆగాలి కదా. గేరు తగ్గిస్తాది గానీ ఆపదని నువ్వే సెప్పినావు."

"సెయ్యి బ్రేకుంది."

"దిగుడులో సెయ్యి బ్రేకు సాలకపోతే?"

ఆయన కాలు వెనక్కి లాక్కున్నాడు. గుడ్డ సగం కట్టి ఉంది.

"సూడు. ఎవులికైనా సెప్పినావా, నువ్వు నాకు పెళ్లానివి కావు."

అరవలేదు. మామూలుగానే అన్నాడు. మామూలుగా అన్న మాట ఆయన తప్పేవాడు కాదు. అది తెలిసే మూడు రోజులు ఆలోచించాను. ముందు సీట్లో, అమ్మ ఒళ్లో కూర్చునే పిల్ల కళ్లలో మెదిలేది. ఇటు చూస్తే గుమ్మంలో ఊరికే కూర్చున్న మావ కనబడేవాడు. దేవుడా, నువ్వే ఏదో ఒకటి చెయ్యి అని ప్రార్థన చేశాను. దేవుడు ఏమీ చెయ్యలేదు.

నాలుగో రోజు పొద్దున వైశాలి నగర్ నడిచి వెళ్లాను. ఆ అబ్బాయికి అప్పుడు రెండో షిఫ్టు, ఇంట్లోనే ఉన్నాడు. "రండాంటీ లోపలికి," అన్నాడు. నేను గేటు దాటలేదు.

"బాబూ, ఆయనకి కుడిపాదం తెలీదు. జోడు జారిపోయినా తెలీదు. బ్రేకు మీదుందో పక్కనుందో తెలీదు."

కాసేపు అతనికి అర్థం కాలేదు. అర్థమయ్యాక మెట్టు మీద కూర్చున్నాడు. "అందుకా బ్రేకులు కొత్తగా ఉన్నాయి..." అన్నాడు. ఆ తర్వాత మెల్లిగా, "నేనొక పిచ్చివాణ్ని ఆంటీ. ఇన్నాళ్లూ ఆయనతో గేర్‌బాక్స్ గురించి వాదించాను," అన్నాడు.

నేను చేసిన అసలు తప్పు అప్పుడు చేశాను. చెప్పడం తప్పని నేను ఇప్పటికీ అనను. దానికి ఒక షరతు పెట్టాను. "నాను సెప్పినట్టు తెలియనీకు బాబూ. కాలు సంగతి పదిమందిలో తియ్యకు, ఆయన బతకలేడు. గేరు లాగి బండి పాడు సేత్తన్నాడని ఆ మాటే అని తాళం తీసుకో." ఆయన పరువు కాపాడుతున్నానని అనుకున్నాను. గేరు విషయంలో ఆయన మాట నిజం. ఆ నిజం మీదే ఆయన్ని దోషిని చెయ్యమని చెప్పి వచ్చాను.

ఆ అబ్బాయి సరేనన్నాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దలు కూర్చున్నారు. అతను లేచి, గేర్‌బాక్స్ దెబ్బతింటోంది, ఈ ప్రయాణానికి వేరే డ్రైవరును పెడదాం అన్నాడు. మా ఆయన లేచాడు. ఆ రోజు ఆయన మాట్లాడినట్టు నా జీవితంలో ఎప్పుడూ మాట్లాడలేదు. రాయి నింపిన డంపరు కొండ దిగడం చెప్పాడు. బ్రేకు కాలిన వాసన చెప్పాడు. ఎక్కిన గేరులోనే దిగాలని తనకి నేర్పిన మేస్త్రీ సంగతి చెప్పాడు. వింటున్న వాళ్లు తలలూపుతున్నారు. అయ్యగారు కూడా, "ఘాటు మీద ఈయనకన్నా తెలిసినవాడు మనలో ఎవరున్నారు? ఈ ఒక్కసారికి ఈయన్నే రానివ్వండి," అన్నాడు.

ఇంజినీరు అబ్బాయి ఆడవాళ్ల వైపు తిరిగి నన్ను చూశాడు. చెప్పెయ్యనా అని అడుగుతున్నట్టు. నేను కొంగు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను.

అతను బయటికి వెళ్లి ఇటుక ముక్క తీసుకుని సిమెంటు మీద అడ్డంగా ఒక గీత గీశాడు.

"అంకుల్, గేటు దగ్గర్నుంచి రండి. డి లోనే. రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉంచండి. ఈ గీత దగ్గర కాలి బ్రేక్‌తో ఆపండి, బస్. ఆపితే అందరి ముందూ మీకు క్షమాపణ చెప్తాను, మళ్లీ ఈ మాట ఎత్తను."

"ఇది మరీ అన్యాయం బాబూ," అన్నారెవరో. "పెద్దాయనికి లైసెన్సు పరీక్షా?"

మా ఆయన కారు దగ్గరికి వెళ్లాడు. తలుపు తీసి కూర్చున్నాడు. కుడికాలు లోపల పెట్టి వంగి చూసుకున్నాడు. తాళం తిప్పలేదు. తల ఎత్తాడు. నిలబడ్డవాళ్లందరినీ దాటుకుంటూ వచ్చి, ఆయన చూపు నా మీద ఆగింది. మిగతా ఆడవాళ్లు కోపంగా ఉన్నారు. నేనూ వాళ్లలాగే కోపంగా ఉండి ఉంటే సరిపోయేది. నేను ఏడుస్తున్నాను.

దిగాడు. తాళం అయ్యగారి చేతిలో పెట్టి, "నాను గీతలాట ఆడ్డానికి రానేదండయ్యగారూ," అని గేటు దాటి నడిచి వెళ్లిపోయాడు. అందరూ అది పౌరుషం అనుకున్నారు.

ఇంటికొచ్చేసరికి మంచం మీద కూర్చుని ఉన్నాడు. నువ్వే చెప్పావా అని అడిగాడు. లేదని ఉంటే నమ్మేవాడేమో. నమ్మాలని కూడా ఉందేమో. నేనే చెప్పానన్నాను. ఆయన తల ఊపి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

అంతే. నీళ్లు కావాలంటే ఈ పిల్లని పిలిచి, "మీ అత్తని నీళ్లు ఎట్టమను" అనేవాడు. నేను పక్కనే ఉండేదాన్ని. ఇది లేకపోతే తనే లేచి ముంచుకునేవాడు. ఇంటికొచ్చిన వాళ్లతో బాగానే మాట్లాడేవాడు. ఇంజినీరు అబ్బాయిని తిట్టేవాడు కూడా కాదు. ఎవరైనా తిడితే వినేవాడు. ఆయన నిజం బయటపెట్టాలంటే కాలు సంగతి చెప్పాలి, అది చెప్పడం ఆయన వల్ల కాదు. నేను చెప్పాలంటే నేనే చెప్పానని ఒప్పుకోవాలి, అది నా వల్ల కాలేదు. ఇద్దరం కలిసి ఆ అబ్బాయిని అలా వదిలేశాం.

జగదల్‌పూర్ నుంచి తిరిగొచ్చాక అమ్మగారు మా ఇంటికి వచ్చింది. కిరాయి డ్రైవరు డి లోనే పెట్టి, బ్రేకు తొక్కుకుంటూ ఘాటు దిగాడట. సగం దిగేసరికి కాలిన వాసన, చక్రాల్లోంచి పొగ. బండి పక్కన ఆపి, గంటసేపు చల్లారనిచ్చి దిగారట. "మీరుండుంటే ఇలా అయ్యేదా?" అంది.

ఆయన నవ్వాడు. అన్నాళ్లకి నవ్వు. "ఎల్‌లో ఎట్టాలమ్మగారూ, ఎల్‌లో," అన్నాడు. అమ్మగారు నన్ను కూడా నవ్వమన్నట్టు చూసింది. నేను టీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లిపోయాను. ఆ రోజు ఘాటులో ఏ మలుపు దగ్గరా లారీ ఆగి లేదు. ఆయనే నడిపి ఉంటే పొగ లేకుండా, వాసన లేకుండా, పిల్ల చప్పట్లు కొడుతుండగా దించేసి ఉండేవాడేమో. అది నాకు ఎప్పటికీ తెలియదు. ఎవరు చెప్పగలరు?

కాలు నాకు చూపించడం మానేశాడు. మొదటి సాయంత్రం చెంబుతో నీళ్లు తెచ్చి కింద కూర్చున్నాను. కాలు లుంగీ లోపలికి లాక్కున్నాడు. రెండో రోజూ అంతే. వారం రోజులు రోజూ చెంబు తెచ్చాను, వారం రోజులూ అలాగే లాక్కున్నాడు. ఇంట్లో కూడా మేజోళ్లు వేసుకోవడం మొదలెట్టాడు. నేను బలవంతం చేసి ఉండాల్సింది. కాళ్ల మీద పడైనా ఆ మేజోడు విప్పి ఉండాల్సింది. మాట లేని మనిషి ఒంటి మీద చెయ్యి వెయ్యడానికి భయపడ్డాను.

ఆయనకి నొప్పి తెలియదు కదా. నాకు వాసన వచ్చింది. మూడు రోజులు ఇంట్లో ఎక్కడో ఎలుక చచ్చిందని వెతికాను. నాలుగో రోజు ఈ పిల్లని పంపి, "మావయ్యా, ఒక్కసారి చూపించవూ" అని అడిగిస్తే, దీని కోసం మేజోడు విప్పాడు. రెండు వేళ్లు నల్లగా అయిపోయాయి. ఇది నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బయటికి పరిగెత్తింది.

ఆసుపత్రిలో మోకాలి కింద వరకు తియ్యాలన్నారు. కాగితం మీద ఎవరు సంతకం పెడతారని డాక్టరమ్మ అడిగితే, ఆయన గడ్డం ఎత్తి నన్ను చూపించాడు. మాట లేదు, గడ్డం ఎత్తాడంతే. నాకు వచ్చిన ఆ నాలుగు అక్షరాలూ ఆ కాగితం మీద పెట్టాను. కాలు తీసేశారు. జ్వరం తగ్గలేదు. పదకొండో రోజు మధ్యాహ్నం, నేను గుడ్డ తడిపి నుదుటి మీద వేస్తుంటే కళ్లు తెరిచాడు. ఏదైనా అంటాడేమోనని చెవి ఆయన నోటి దగ్గర పెట్టాను. ఊపిరి తగిలింది, మాట రాలేదు. సాయంత్రం ప్రార్థన వేళకి పోయాడు.

సమాధుల దొడ్డికి సంఘమంతా వచ్చింది. ఇంజినీరు అబ్బాయి గేటు బయటే నిలబడ్డాడు. ఒక్కొక్కరూ గుప్పెడు మట్టి వేస్తున్నారు. అతన్ని ఎవరూ పిలవలేదు. నేను చూశాను. నేనూ పిలవలేదు. నేను రమ్మని ఉంటే అందరూ దారి ఇచ్చేవారు. పెనిమిటి పోయినదాని మాట ఆ రోజు ఎవరు కాదంటారు? మట్టి వేసి, చేతులు దులుపుకుని, తల వంచుకుని అతని పక్కనుంచే వచ్చేశాను.

ఇది జరిగి మూడేళ్లు. ఆ మూడేళ్లూ అతను ఆరాధనకి వచ్చి వెనక వరసలో కూర్చుని వెళ్లిపోయేవాడు. కారు లెక్క చూడ్డం వేరేవాళ్లకి అప్పగించేశారు. పోయిన నెల అతనికి వేరే ఊరు బదిలీ అయింది. సంఘంలో ఎవరికి బదిలీ అయినా భోజనాలు పెట్టి, దండ వేసి పంపుతారు. అతని కోసం అయ్యగారు ప్రార్థన చేశాడు, నలుగురు చెయ్యి కలిపారు. అంతే.

వెళ్లేముందు మా ఇంటికి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు. "ఆంటీ, వెళ్లొస్తాను. ఆ రోజు గీత గీయకుండా ఉండాల్సింది. ఇంకేం చెయ్యాలో తోచలేదు," అన్నాడు.

"అందరూ అన్నన్ని మాటలంటంటే, నిజం ఎందుకు సెప్పనేదు బాబూ?"

"మీరు వద్దన్నారు కదా ఆంటీ," అన్నాడు.

ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే నేను ఓర్చుకునేదాన్ని. అతని స్కూటరు సందు మలుపు తిరిగేదాకా చూసి, ఆ సాయంత్రమే ఈ పిల్లని పుస్తకం తెమ్మన్నాను. పదిమందిలో నిలబడి చెప్పడం నా వల్ల కాదు. ఒకసారి లేచి నిలబడి చూశాను, సాక్ష్యం చెప్పే వేళ. దేవునికి స్తోత్రం అని కూర్చున్నాను. అందుకే రాయిస్తున్నాను. వచ్చే ఆదివారం దీన్ని అయ్యగారి చేతికిస్తాను, అందరి ముందూ చదవమంటాను. అతను వెళ్లిన ఊరికి కూడా ఒక కాపీ పంపమంటాను.

ఇందాకటినుంచి ఇది రాయడం ఆపి నన్ను చూస్తోంది.

"అత్తా, మావయ్య కాలు సంగతి తీసేద్దామా? సబ్ లోగ్ వింటారు కదా. మావయ్యకి ఇష్టం ఉండదు."

ఇష్టం ఉండదు. నాకు తెలుసు. ఇది చదివించిన రోజు ఆయన్ని ఇంకోసారి పదిమందిలో కూర్చోబెట్టినట్టే. ఆయన ఉంటే ఈ ఇంట్లో ఇంకో ఏడు నెలలు మాట ఉండేది కాదు. అయినా ఉంచు. కాలు తీసేస్తే మిగిలేది మళ్లీ గేరూ బ్రేకే, మళ్లీ ఆ అబ్బాయే.

కలం పక్కన పెట్టు. ఇప్పుడు నాకు చదివి వినిపించు. నాకు చదవడం రాదు గానీ నా మాట నాకు తెలుస్తుంది. ఎక్కడైనా నా మీద జాలిపడి ఒక మాట మెత్తగా రాశావేమో, అక్కడ ఆపిస్తాను. నీకు ఏడుపొస్తే కాసేపు ఆగు, నీళ్లు తాగు, మళ్లీ చదువు. ఒక్క లైను కూడా దాటెయ్యకు. ఊఁ, చదువమ్మా.